పొడి రాలే రాయికి ఏ మందు: బ్యాక్టీరియా, సున్నం, సిలికేట్‌లలో ఏది ఎక్కడ?

ఫ్లోరెన్స్‌లో మైకెలాంజెలో చెక్కిన సమాధులను బ్యాక్టీరియాతో శుభ్రం చేశారని 2021లో పత్రికలన్నీ రాశాయి. ఆ వార్త వాట్సాప్‌లో తిరిగి తిరిగి మన దాకా వచ్చేసరికి "పాడైన శిల్పాలను బ్యాక్టీరియా బాగుచేసేస్తుంది" అయి కూర్చుంది. ఇక ఆలయ కమిటీలో ఉన్నవాళ్లు, తాతల నాటి ఇల్లు నిలబెట్టుకోవాలనుకునేవాళ్లు, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు అందరిదీ ఒకటే ప్రశ్న: మన దగ్గరా చేయించొచ్చా?

చేయించొచ్చు గానీ, అది పనికొచ్చే చోట్లు చాలా తక్కువ. సున్నపురాయి, పాలరాయి, సున్నపు గచ్చు అయితే బ్యాక్టీరియా పేరు పరిశీలనలో ఉండాలి. గ్రానైట్ అయితే ఆ పేరు కొట్టేయండి. ఇసుకరాయి అయితే అందులో రేణువులను పట్టి ఉంచుతున్నది ఏమిటో ముందు చూసుకోవాలి. రాయి ఏదైనా, పైకప్పు కారుతుంటే, పునాది నుంచి చెమ్మ ఎక్కుతుంటే ఏ మందూ వద్దు. ముందు నీళ్లు ఆపండి. మందుకు పెట్టే డబ్బుతో సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ముందు రాయి ఏమిటో తేల్చుకోండి

ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఇప్పటికే రాలి కిందపడిన గోరంత ముక్క ఒకటి తీసుకోండి (శిల్పం మీద మాత్రం ఎప్పుడూ చేయకండి). దాని మీద పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేయండి. సున్నపురాయి అయితే వెంటనే బుస్సుమని నురగ వస్తుంది. డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటిది) అయితే గీరి పొడి చేస్తే గానీ సరిగ్గా పొంగదు. గ్రానైట్ మీద చుక్క చుక్కలాగే ఉండిపోతుంది. ఇసుకరాయి విషయం కాస్త ఆసక్తిగా ఉంటుంది. సున్నంతో అతుక్కున్న రకమైతే నురగ వచ్చి, అతుకు కరిగిపోయి, చివరికి వేళ్ల మధ్య ఉత్త ఇసుక మిగులుతుంది. సిలికాతో, అంటే ఇసుకలో ఉండే పదార్థంతోనే అతుక్కున్నదైతే ఏమీ జరగదు. ఈ ఒక్క చుక్కతోనే కింద చెప్పబోయే మందుల్లో సగం పక్కకు తప్పుకుంటాయి.

మన కట్టడాల్లో ఎక్కువ భాగం నురగ రాని రాళ్లే. లేపాక్షి గ్రానైట్. 1213 నాటి రామప్ప గుడిలో గోడలు ఇసుకరాయి, నిగనిగలాడే స్తంభాలు, మదనికలు డోలరైట్ అనే నల్లటి గట్టి రాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఇసుకరాయి. సున్నపురాయి కోసం కృష్ణా తీరానికి వెళ్లాలి. అమరావతి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాలన్నీ పల్నాడు సున్నపురాయిలో చెక్కినవి. హైదరాబాద్‌లో చార్మినార్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల మీద కనిపించే పూలు, లతలు సున్నపు గచ్చు పని. ఇళ్లలో మనం రోజూ తొక్కే తాండూరు, బేతంచర్ల బండలు కూడా సున్నపురాయే. బాత్రూమ్ యాసిడ్ పడితే వాటి మెరుపు పోయేది అందుకే. ఆ బండలకు బ్యాక్టీరియా వైద్యం అడిగేవాళ్లూ ఉన్నారు. వద్దండీ, మళ్లీ పాలిష్ పట్టించుకోండి, చాలు.

రెండో ప్రశ్న, జబ్బు ఏమిటి? చేత్తో తడిమితే పిండిలా పొడి రాలుతోందా? పొరలు పొరలుగా లేస్తోందా? చవుడు పట్టి తెల్లగా ఉప్పు తేలుతోందా? నల్లగా పెచ్చు కట్టిందా? పొడి రాలుతుంటే రాయిని గట్టిపరచాలి, పెచ్చు కడితే దాన్ని తీసేయాలి. ఈ రెండింటికీ వాడే బ్యాక్టీరియా వేరు, పద్ధతి వేరు. ఒక రకం కొత్త రాయిని కడుతుంది, ఇంకో రకం ఉన్న పెచ్చును తింటుంది. వార్తల్లో రెంటినీ కలిపేయడం వల్లే ఇంత గందరగోళం.

రాయిని కట్టే బ్యాక్టీరియా

నేలలో బతికే బ్యాక్టీరియాలో చాలా రకాలు సరైన మేత, కాస్త కాల్షియం దొరికితే కాల్సైట్ స్ఫటికాలు తయారుచేస్తాయని స్పెయిన్ శాస్త్రవేత్తలు 1973లో చూపించారు. బ్యాక్టీరియా మేత తిని అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. చుట్టూ నీటికి క్షారగుణం వస్తుంది. కణం పైపొరకు రుణావేశం ఉంటుంది కాబట్టి కాల్షియం అయాన్లు అక్కడే పోగవుతాయి. అవి కార్బనేట్‌తో కలిసి కాల్సైట్ అవుతాయి. సున్నపురాయిలో ఉన్నదీ కాల్సైటే. అంటే రాయికి అదే పదార్థంతో అతుకు వేసినట్టు. ఈ పద్ధతికి ఉన్న అసలు ఆకర్షణ ఇదే.

దీన్ని గోడ మీదికి తెచ్చింది ఫ్రెంచివాళ్లు. 1990లో పేటెంట్ తీసుకున్నారు. 1993లో థువార్ పట్టణంలోని సెయింట్ మెదార్ చర్చి టవర్ మీద ఓ 50 చదరపు మీటర్ల మేర ప్రయోగించారు. అక్కడి రాయి టుఫో, మెత్తటి సున్నపురాయి. అందులో దాదాపు సగం ఖాళీయే. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాను నీళ్లలో కలిపి స్ప్రే చేసి, తర్వాత రోజుల్లో దాదాపు ఐదు తడవలు మేత చల్లారు. రాయి నీళ్లు పీల్చుకోవడం బాగా తగ్గింది, లోపలి ఆవిరి మాత్రం బయటికి వస్తూనే ఉంది, రంగు మారలేదు. ఇంతవరకూ బాగుంది. కానీ ఏర్పడిన పొర మందం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పదేళ్లకోసారి మళ్లీ చేయాలన్నది ఆ పద్ధతి తెచ్చినవాళ్లే చెప్పిన మాట. పైపై వానదెబ్బ నుంచి కాపాడటానికి అది సరిపోతుంది గానీ, వేలెడు లోతున పొడి అయిన రాయిని అది నిలబెట్టలేదు. పైగా బాసిల్లస్ సీరియస్‌లో కొన్ని రకాలు తిండిని విషం చేస్తాయి, విత్తనాల్లాంటి స్పోర్లుగా మారి ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. జనం తిరిగే చోట దాన్ని చల్లడానికి నేనైతే ఒప్పుకోను.

లోతు సంగతి తేల్చింది స్పెయిన్‌లోని గ్రనడా విశ్వవిద్యాలయం. అక్కడ కార్లోస్ రోద్రీగెజ్-నవారో, మరియా తెరెసా గోన్జాలెజ్-మున్యోజ్ బృందం మిక్సోకోకస్ జాంథస్ అనే నేల బ్యాక్టీరియాను ఎంచుకుంది. మనుషులకు దానివల్ల జబ్బులేవీ రావు. 2003లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో కొత్త కాల్సైట్ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోతు దాకా చేరింది. రాయి రంధ్రాలు మూసుకుపోలేదు. రంధ్రాల గోడల వెంట మాత్రమే పూతలా పట్టింది. కొత్త స్ఫటికాల మధ్య బ్యాక్టీరియా వదిలిన జీవపదార్థం ఇరుక్కుని ఉంటుంది కాబట్టి అవి అసలు రాయిలోని కాల్సైట్ కంటే గట్టిగా నిలిచాయి.

ఆ తర్వాత వాళ్లకే ఒక సందేహం వచ్చింది. పాత రాయిలో ఎలాగూ వందల రకాల బ్యాక్టీరియా కాపురం ఉంటోంది. వాటిలో చాలావాటికి కాల్సైట్ కట్టే గుణం ఉంది. మరి బయటి నుంచి కొత్తది తేవడం ఎందుకు, ఉన్నవాటికే మేత పెడితే సరిపోదా? అలా ఒక పోషక ద్రవం తయారైంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్‌ను జీర్ణం చేసి తీసిన పొడి, కాల్షియం అసిటేట్, కొంచెం పొటాషియం కార్బనేట్, క్షారగుణం నిలబెట్టే ఫాస్ఫేట్ అందులో ఉంటాయి. గ్రనడాలోనే సాన్ హెరోనిమో మఠం, హాస్పిటల్ రియల్ వంటి కట్టడాల మీద రోజుకు రెండుసార్లు చొప్పున ఆరు రోజులు స్ప్రే చేశారు. మధ్యలో ఎండిపోకుండా కప్పి ఉంచారు. చక్కెర జాతి పోషకం కావాలనే వేయలేదు. అది వేస్తే రాయిని తినే యాసిడ్ వదిలే సూక్ష్మజీవులు, బూజు పండగ చేసుకుంటాయి. ఎవరైనా మీకు "బెల్లం నీళ్లతో బ్యాక్టీరియా పెంచుతాం" అని చెబితే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఉప్పు పట్టిన రాయి దగ్గర ఈ ఉపాయం పారదు. ఉప్పు ఎక్కువైన చోట కొత్త బ్యాక్టీరియా బతకదు, ఉన్నవి కూడా కొద్దిగానే ఉంటాయి. 2017లో ఫద్వా జ్రూందీ, ఆమె సహచరులు మూడో దారి చూపించారు. అదే రాయి నుంచి చిటికెడు పొడి తీసుకుని, అందులోని సూక్ష్మజీవులను ల్యాబ్‌లో ఆ పోషక ద్రవంలో పెంచి, మళ్లీ అదే రాయి మీద చల్లడం. ఉప్పుకు అలవాటు పడిన జీవాలే కాబట్టి అవి నిలదొక్కుకున్నాయి. రెండేళ్ల పాటు పరిశీలించినా ఆ గట్టిదనం పోలేదు. బ్యాక్టీరియా పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలని అడిగితే, సముద్రపు గాలి తగిలే చోటికీ, చవుడు పట్టిన గోడకీ నేను ఈ మూడోదాన్నే చెబుతాను.

యూరియా పద్ధతి కూడా ఒకటుంది. బెల్జియంలో గెంట్ విశ్వవిద్యాలయంవాళ్లు దీని మీద బాగా పనిచేశారు. మన దేశంలో పటియాలాలోని థాపర్ విశ్వవిద్యాలయం బృందం కాంక్రీటు మీదా, రాళ్ల మీదా ప్రయత్నించింది. బెంగళూరు ఐఐఎస్‌సీలో చంద్రుడి మట్టిలాంటి మట్టితో ఇటుకలు చేసిందీ యూరియాను ముక్కలు చేసే ఇలాంటి బ్యాక్టీరియాతోనే. యూరియాను ముక్కలు చేసే ఎంజైమ్ చాలా చురుకైనది, గంటల్లోనే కాల్సైట్ వస్తుంది. ఖర్చూ తక్కువ. కానీ పక్కన అమ్మోనియా మిగులుతుంది. వాసన సంగతి అటుంచి, అది రాయిలో నిలిచిపోతే ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రిక్ యాసిడ్‌గా మార్చగలదు. అది సున్నపురాయికి శత్రువే. కాంక్రీటు పగుళ్లకు ఈ పద్ధతి సరే, శిల్పానికి వద్దు.

పోటీలో ఉన్నవి

సున్నపుతేట అందరికంటే పాతది, మనకు బాగా తెలిసినది. తడిపిన సున్నం మీద తేరిన నీళ్లు అవి. ఇబ్బంది ఏమిటంటే లీటరు నీళ్లలో కరిగే సున్నం 1.7 గ్రాములే. ఇంగ్లండ్‌లో వెల్స్ కెథీడ్రల్ ముఖభాగం మీద 1970లు, 80లలో ఈ పద్ధతి వాడారు. తేటను 40 తడవల దాకా పోసేవారు. 1988లో రేడియోధార్మిక కాల్షియంతో పరీక్షించి చూస్తే, పోసిన సున్నంలో చాలా భాగం పైనున్న ఓ రెండు మిల్లీమీటర్లలోనే ఆగిపోయిందని తేలింది. హాని చేయదు, చవక, రాయికి పరాయిది కాదు. కానీ అన్నేసి నీళ్లు పోస్తే లోపలి ఉప్పు కదులుతుంది. ఉప్పు లేని గచ్చు గోడకు, ఓపికున్న మేస్త్రీ దొరికితే బాగుంటుంది.

ఆ కొరత తీర్చడానికే నానోలైమ్ వచ్చింది. ఫ్లోరెన్స్‌లో పియెరో బాలియోనీ బృందం మొదలుపెట్టిన ఆలోచన ఇది. చాలా సన్నటి సున్నపు రేణువులను నీళ్లకు బదులు ఆల్కహాల్‌లో తేలేలా చేస్తారు. లీటరుకు 5 నుంచి 50 గ్రాముల దాకా సున్నం ఎక్కుతుంది. సున్నపుతేటతో పోల్చితే ఇది ఎన్నో రెట్లు. ఇబ్బంది ఆల్కహాల్ ఆరిపోయేటప్పుడు వస్తుంది. లోపలికి వెళ్లిన రేణువులు దానితో పాటే పైకి వచ్చేసి, మీద తెల్లటి మసక కడతాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఈ గొడవ మరీ ఎక్కువ. పైగా సున్నం కార్బనేట్‌గా మారడానికి గాలిలో తేమ ఉండాలి, అది వారాల పని. గచ్చు పూలు, భిత్తిచిత్రాల కింది పూత, లోపలి గోడలు అయితే నా మొదటి ఎంపిక నానోలైమే, బ్యాక్టీరియా దాని తర్వాతే. దీనికి మేత అక్కర్లేదు, బూజు భయం లేదు, జరిగేది ముందే అంచనా వేయొచ్చు.

ఎథైల్ సిలికేట్ కెమికల్ షాపులవాళ్లు ఎక్కువగా అమ్మే సరుకు. రాయిలోకి బాగా ఇంకుతుంది, మూడు నాలుగు వారాల్లో ఆల్కహాల్ ఆవిరై సిలికా జెల్ మిగులుతుంది. క్వార్ట్జ్ రేణువులతో, అంటే ఇసుక రేణువులతో అది రసాయనికంగా బంధం వేసుకుంటుంది కాబట్టి ఇసుకరాయికి దీన్ని మించినది కష్టం. కాల్సైట్‌తో మాత్రం ఆ బంధం లేదు. సున్నపురాయిలో జెల్ పగిలి, రంధ్రాల్లో ఊరికే కూర్చుంటుంది. ఒకసారి పోశాక వెనక్కి తీయడం కుదరదు. యాసిడ్ చుక్కకు నురగ వచ్చిన రాయి మీద దీన్ని పోయమని ఎవరైనా సలహా ఇస్తే, ఎందుకని గట్టిగా అడగండి.

ఈమధ్య బలంగా వస్తున్నది డైఅమ్మోనియం ఫాస్ఫేట్. అవును, పొలంలో వేసే డీఏపీలోని పదార్థమే, కాకపోతే శుద్ధి చేసింది. సున్నపురాయిలోని కాల్షియంతో కలిసి హైడ్రాక్సీఅపటైట్ అవుతుంది, అంటే మన ఎముకల్లో ఉండే ఖనిజం. 2011 నుంచి ఎన్రికో సస్సోనీ, జార్జ్ షెరర్ వంటివాళ్లు దీని మీద వరసగా పనిచేశారు. నీళ్లలోనే కలుస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పని అయిపోతుంది, పాలరాయి మీద బాగా నిలుస్తుంది. బ్యాక్టీరియా పద్ధతికి అసలైన పోటీ ఇదేనని నా లెక్క. పల్నాడు రాయిలా గట్టిగా, రంధ్రాలు తక్కువగా ఉన్న సున్నపురాయి దగ్గర ఇదే ముందుంటుంది. బ్యాక్టీరియా కణం పొడవు మైక్రాను నుంచి కొన్ని మైక్రాన్ల దాకా ఉంటుంది. రంధ్రం అంతకంటే సన్నగా ఉంటే అది లోపలికి పోలేదు, అయాన్లు పోగలవు.

యాక్రిలిక్, వార్నిష్ లాంటి పూతల గురించి ఎక్కువ చెప్పను. మొదట మెరుస్తాయి, తర్వాత పసుపెక్కుతాయి, లోపలి చెమ్మను బంధిస్తాయి. నిజాం ప్రభుత్వం 1920లలో అజంతా చిత్రాలను కాపాడమని ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీ అనే నిపుణులను పిలిపించింది. వాళ్లు ఊడుతున్న రంగును నిలబెట్టి చాలా మేలు చేశారు. కానీ దాని మీద వేసిన షెల్లాక్ కాలం గడిచేకొద్దీ నల్లబడి చిత్రాలనే మసకబార్చింది. దాన్ని తీయడానికి పురావస్తు శాఖ రసాయనికులు దశాబ్దాలు కష్టపడాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అదే బెస్ట్ టెక్నాలజీ మరి.

నలుపు తీయడం: ఇక్కడ బ్యాక్టీరియా గట్టి పోటీ ఇస్తుంది

పెద్ద నగరాల్లో పాలరాయి మీద కట్టే నల్లపెచ్చు ఉత్త మసి కాదు. గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి, రాయిలోని కాల్సైట్‌ను జిప్సంగా మారుస్తుంది. ఆ జిప్సంలో మసి చిక్కుకుని నల్లగా గడ్డకడుతుంది. గీకితే కింద రాయీ పోతుంది. డిసల్ఫోవిబ్రియో జాతి బ్యాక్టీరియా ఊపిరికి ఆక్సిజన్ బదులు సల్ఫేట్ వాడుకుంటుంది. జిప్సంలోని సల్ఫేట్‌ను లాగేసుకుంటే కాల్షియం మిగులుతుంది, అది మళ్లీ కాల్సైట్ అవుతుంది. పెచ్చు పోవడమే కాదు, రాయి కొంత వెనక్కి వస్తుంది.

మిలాన్ కెథీడ్రల్ పాలరాయి మీద దీన్ని రసాయన పద్ధతితో పక్కపక్కనే పెట్టి పోల్చారు. ఫ్రాంచెస్కా కాపిటెల్లీ బృందం 2007లో ప్రచురించిన పని అది. ఒకవైపు అమ్మోనియం కార్బనేట్, ఈడీటీఏ (కాల్షియం లాంటి లోహాలను పట్టుకునే రసాయనం) మిశ్రమం. ఇంకోవైపు బ్యాక్టీరియా. రెండూ జిప్సంను కాల్సైట్‌గా మార్చాయి. రసాయనం అక్కడక్కడా ఎక్కువ తక్కువగా తీసింది, సోడియం సల్ఫేట్ అనే ఉప్పును కూడా వదిలిపెట్టింది. ఆ ఉప్పు రాళ్లను పగలగొట్టడంలో పేరుమోసినది. బ్యాక్టీరియా సమంగా తీసి, పెచ్చు కింద శతాబ్దాలుగా ఏర్పడిన పాత వన్నెను ముట్టుకోకుండా వదిలింది. నాకు తెలిసిన పోలికల్లో బ్యాక్టీరియా ఇంత స్పష్టంగా గెలిచింది మరొకటి లేదు.

లేజర్ కూడా మంచి పోటీదారే. నల్లటి పెచ్చు కాంతిని పీల్చుకుని ఎగిరిపోతుంది, తెల్లటి రాయి కాంతిని తిప్పికొడుతుంది కాబట్టి పని దానంతటదే ఆగుతుంది. సన్నటి ముక్కు, వేళ్లు, చెవిపోగులు ఉన్న చోట లేజర్‌కు సాటి లేదు. కొన్నిసార్లు రాయికి పసుపు ఛాయ వస్తుంది, యంత్రం అద్దె గుండె గుభేల్‌మనిపిస్తుంది, విశాలమైన గోడకు రోజులు పడతాయి.

ఇక మొదట్లో చెప్పిన మైకెలాంజెలో సమాధులున్న మెడిచీ చాపెల్ కథ. అక్కడ మరక గాలి నుంచి వచ్చింది కాదు. 1537లో హత్యకు గురైన ఫ్లోరెన్స్ పాలకుడు అలెస్సాంద్రో దే మెడిచీ శవాన్ని సరిగా సిద్ధం చేయకుండానే లోరెంజో సమాధిలో పెట్టారు. కుళ్లిన ద్రవాలు పాలరాయిలోకి దిగాయి. తర్వాతి కాలంలో అచ్చులు తీయడానికి పూసిన నూనెలు, జిగుర్లు వాటికి తోడయ్యాయి. ఇటలీ ప్రభుత్వ సంస్థ ఈఎన్‌ఈఏ తన దగ్గరున్న బ్యాక్టీరియా నిధి నుంచి ఆ కొవ్వునూ, ఆ జిగురునూ తినేవాటిని ఏరింది. సమాధి మీద వాడిన సెరాటియా ఫికారియా రకం భారలోహాలతో పాడైన నేలలో దొరికింది. ముందు బలిపీఠం వెనక కనిపించని చోట పరీక్షించి చూశాకే శిల్పం జోలికి వెళ్లారు. ఇక్కడ బ్యాక్టీరియా తీసింది ఫలానా మరకనే. వాట్సాప్‌లో వచ్చిన "బాగుచేయడం" ఇదే.

మన గుళ్లలో నలుపు సంగతి వేరు. ఎక్కువగా అది దీపాల మసి, నూనె జిడ్డు, వానలు పడ్డాక రాతి మీద పెరిగే నల్లటి పాకుడు. జిప్సం లేని చోట సల్ఫేట్ తినే బ్యాక్టీరియాకు పనే లేదు. గ్రానైట్ మీది జిడ్డుకు ఆవిరి, మెత్తటి బ్రష్, తటస్థ సబ్బు చాలు. పాకుడుకు నీళ్లు నిలిచే చోటు సరిచేసి, సరైన బయోసైడ్ (పాకుడును చంపే మందు) వాడాలి. శాండ్ బ్లాస్టింగ్ మాత్రం ఎవరు ఎంత చవకగా చెప్పినా వద్దు. అది నలుపుతో పాటు ఉలి గీతనూ తీసేస్తుంది.

మరి దేన్ని ఎంచుకోవాలి

మెత్తటి, రంధ్రాలున్న సున్నపురాయి, లేదా సున్నంతో అతుక్కున్న ఇసుకరాయి, పొడి రాలడం మిల్లీమీటరు లోతులోపే, నీళ్లు ఆగిపోయాయి, ఒక వారం పాటు తడిగా, నీడలో ఉంచగలరు, పక్కన మైక్రోబయాలజీ ల్యాబ్ ఉంది: ఇన్నీ కుదిరితే బ్యాక్టీరియా మంచి ఎంపిక. అందులోనూ ఉన్న జీవాలకు మేత పెట్టే పద్ధతి, ఉప్పుంటే వాటినే పెంచి చల్లే పద్ధతి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఇంకోటి చూసుకోండి. గట్టి సున్నపురాయి, పాలరాయి అయితే ఫాస్ఫేట్. సిలికా ఇసుకరాయి అయితే ఎథైల్ సిలికేట్. పాలరాయి మీద జిప్సం పెచ్చు అయితే బ్యాక్టీరియా, సన్నటి చెక్కడం ఉంటే లేజర్. లోతుగా పొడి అయిపోయిన రాయికి వీటిలో ఏదీ ఒంటరిగా చాలదు. స్టీలు సూదులో, సున్నపు గారో కావాలి. అది ఇంజనీరు చూసుకోవాల్సిన పని.

గచ్చు ఊడుతుంటే మాత్రం ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. 2019 మేలో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడిపడింది. అలాంటి చోట పాత రకం గానుగ సున్నమే మందు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్లు గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచేసి మళ్లీ సున్నపు పని చేయించారు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే ఇప్పుడు కష్టం. బ్యాక్టీరియాకు పెట్టే బడ్జెట్‌లో కొంత అతని కూలీకి పెట్టినా నష్టం లేదు.

పని ఒప్పుకునే ముందు

ఏ పద్ధతి అయినా అమ్మేవాళ్లు ముందూ తర్వాతా ఫొటోలు చూపిస్తారు. ఫొటో చూసి నమ్మకండి. టేప్ పరీక్ష అడగండి. సమాన కొలతలో కత్తిరించిన అంటుకునే టేప్ ముక్కను ముందే తూచి, రాయి మీద నొక్కి, కొన్ని సెకన్ల తర్వాత ఒకే ఊపులో లాగి, మళ్లీ తూస్తారు. మందు వేయని చోట టేప్ మీద పిండి పూసినట్టు పొర కనిపిస్తుంది. బాగా పనిచేసిన చోట నాలుగైదు రేణువులకు మించి రావు. అదే చోట వరసగా పది ముక్కలు లాగించండి. మొదటి ముక్కకు తక్కువ వచ్చి, తర్వాతి ముక్కలకు పెరుగుతూ పోతే పైన పొర గట్టిపడింది, కింద పొడి అలాగే ఉందన్నమాట. ఇది మామూలు పొడి కంటే ప్రమాదం, ఎందుకంటే రేపు ఆ పైపొర మొత్తంగా ఊడిపోతుంది.

దానితో పాటు కార్‌స్టెన్ గొట్టం పరీక్ష చేయించండి. గీతలున్న చిన్న గాజు గొట్టాన్ని పుట్టీతో గోడకు అంటించి నీళ్లు పోసి, ఎన్ని నిమిషాల్లో ఎంత ఇంకిందో చూస్తారు. పీల్చడం తగ్గాలి, పూర్తిగా ఆగిపోకూడదు. ఆగిపోయిందంటే రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. లోపలి చెమ్మకు ఇక దారి ఉండదు.

బ్యాక్టీరియా పద్ధతి అయితే ఇంకో మూడు అడగాలి. ఏ జాతి, అది మనుషులకు సురక్షితమేనా, రాతపూర్వకంగా ఇస్తారా? మేతలో ఏముంది, చక్కెరలు ఉన్నాయా? పని అయిపోయాక మిగిలిన మేతను ఎలా తీస్తారు? మూడో ప్రశ్నకు తడబడితే ఒప్పందం ఆపేయండి. మిగిలిన మేత మీద తొలకరి చినుకు పడగానే బూజు మొదలవుతుంది.

కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే 1958 చట్టం ప్రకారం వాళ్ల అనుమతి లేకుండా చిన్న ట్రయల్ కూడా చేయకూడదు. రాష్ట్ర రక్షణలో ఉన్నవాటికి రాష్ట్ర శాఖ అనుమతి కావాలి. అనుమతి వచ్చాక ఎవరి కంటా పడని మూలలో అరచేతి వెడల్పు చోట్లు మూడు ఎంచుకోండి. ఒకటి బ్యాక్టీరియాకు, ఒకటి దాని పోటీదారుకు, ఒకటి ఏమీ వేయకుండా వదిలేయడానికి. వానలు తగ్గి, ఎండ ముదరని నవంబరు, డిసెంబరు నెలల్లో వేస్తే మేత త్వరగా ఎండదు, కొట్టుకుపోదు. టేప్ పరీక్షను మందు వేసిన నెలకు ఒకసారి, వేసవి చివర ఒకసారి, మళ్లీ వానాకాలం పోయాక ఒకసారి చేయించి, ఆ మూడు లెక్కలూ చేతికొచ్చాకే పెద్ద గోడకు టెండర్ పిలవండి.